తూకానికి అందని నగలు

జోలార్‌పేటలో తమిళ బోర్డులు, కుప్పంలో తెలుగు బోర్డులు, ఆ తరువాత కన్నడ బోర్డులు. కాకినాడ నుంచి బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ పొద్దుటిపూట కిటికీ పక్కన ఇలా మూడు లిపులు చూపించి బంగారపేటలో ఆగుతుంది. అక్కడి నుంచి ఒక చిన్న లైను కోలారు బంగారు గనుల వైపు, మారికుప్పం దాకా వెళుతుంది. సినిమా వచ్చాక కేజీఎఫ్ పేరు తెలియని తెలుగువాడు లేడు. అసలు గని కథ సినిమా కంటే పెద్దది. 1880లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గని మూతపడేదాకా అక్కడ 800 టన్నులకు పైగా బంగారం తీశారు. చాంపియన్ రీఫ్ గని భూమిలోకి మూడు కిలోమీటర్లకు మించి దిగింది. 1902లో కావేరి మీద శివనసముద్రంలో పుట్టిన కరెంటు మొదట వెళ్లింది ఈ గనులకే. ఆ చీకట్లోకి దిగినవాళ్లలో తమిళులతో పాటు చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు.

నేను వెళుతున్నది నగల కోసమే. అయితే వాటిలో బంగారం ఉండదు. వైట్‌ఫీల్డ్‌లో మా చెల్లెలుంటున్న అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి రాగి, ఇత్తడి, వెండి తీగలతో చేత్తో నగలు చేస్తుంది, నలుగురికీ నేర్పుతుంది. మా చెల్లెలు పంపిన ఫొటోలో ఒక జత లోలాకులు చూశాను. రాగితీగ చట్రం, దాని చుట్టూ సన్నగా చుట్టిన ఇత్తడి, కింద వేలాడుతూ చిన్న వెండి ఆకు. ఎక్కడా టంకం లేదు, అంటించింది లేదు. తీగ తీగను పట్టుకుని నిలిచింది. ఆ పని దగ్గరుండి చూడాలనిపించింది.

మాలూరు, దేవనగొంది దాటాక రైలు వైట్‌ఫీల్డ్ స్టేషను మీదుగానే పోతుంది. దిగవలసింది మాత్రం కృష్ణరాజపురంలో. అక్కడ మెట్రో ఎక్కి మళ్లీ వెనక్కి, తూర్పుకి రావాలి. కేఆర్ పురం నుంచి కాడుగోడి దాకా ఈ పర్పుల్ లైను 2023 మార్చి 25న మొదలైంది. అంతకుముందు ఈ దూరం రోడ్డు మీద ఎంత సేపు పట్టేదో చెప్పమంటే వైట్‌ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు ఇప్పటికీ నిట్టూరుస్తారు. సింగయ్యనపాళ్య, గరుడాచారపాళ్య, హూడి, సీతారామపాళ్య, కుందలహళ్లి అని స్టేషన్ల పేర్లు వినబడుతుంటే ఈ గాజు భవనాల కింద ఒకప్పటి పల్లెలు ఇంకా పేర్లతో బతికే ఉన్నాయని తెలుస్తుంది. ఒక స్టేషను పేరు శ్రీ సత్యసాయి హాస్పిటల్. చివరి స్టేషను కాడుగోడి దగ్గరే బాబా బృందావనం ఆశ్రమం. ఐటీ ఉద్యోగాలు రాకముందు కూడా మనవాళ్లు వైట్‌ఫీల్డ్‌కు వచ్చేవారంటే ఆ ఆశ్రమం కోసమే.

ఊరి పేరు వెనక ఉన్న మనిషి డి.ఎస్. వైట్. మద్రాసులో ఆంగ్లో ఇండియన్ల సంఘం నడిపినవాడు. మైసూరు మహారాజు పదో చామరాజ ఒడయరు 1882లో ఆ సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చాడు. ఉద్యోగాల మీదే ఆధారపడకుండా తమవాళ్లు సొంత నేల మీద, సొంత చేతి పని మీద బతకాలన్నది వైట్ ఆలోచన. గుండ్రంగా వీధి వేసి, చుట్టూ పెంకుటిళ్లు, తోటలు పెట్టారు. ఇన్నర్ సర్కిల్ అనే ఆ వీధి ఇప్పటికీ ఉంది. సాయంత్రం అక్కడ నడిచాను. పాత చెట్లు, పాత చర్చి, అరుగులున్న ఒకటి రెండు పాత ఇళ్లు, వాటి వెనక పాతిక అంతస్తుల భవనాలు. 1990లలో ఐటీపీఎల్ టెక్ పార్కు వచ్చాక ఊరి దారే మారిపోయింది. చేతి పని మీద బతకాలని పుట్టిన ఊరు కంప్యూటర్ మీద బతికే ఊరయింది. ఆ ఊళ్లోనే ఇప్పుడు ఆఫీసు లేని రోజున మనుషులు తీగ, సుత్తి పట్టుకుని కూర్చుంటున్నారు.

నగలు చేసే ఆ అమ్మాయిది బందరు. భర్త ఐటీపీఎల్‌లో ఉద్యోగం. హాల్లో ఒక మూల చెక్క బల్ల, దాని మీద చదరపు ఉక్కు దిమ్మ, రెండు చిన్న సుత్తులు, నాలుగు రకాల ప్లయర్లు, తీగ చుట్టలు. గోడకి లోలాకులు, కడియాలు, గొలుసులు. నాతో పాటు బల్ల చుట్టూ మరో ముగ్గురు. బ్యాంకులో రిటైరయిన ఒక తమిళావిడ, ఇంజనీరింగ్ చదువుతున్న కన్నడమ్మాయి, పై అంతస్తులో ఉండే కర్నూలు కుర్రాడు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కలిసిన మాటల మధ్య పని నడిచింది.

మొదటి పని తీగను తిన్నగా చెయ్యడం. చుట్టలోంచి తీసిన తీగ వంకరగా ఉంటుంది. మెత్తని గుడ్డలో పట్టుకుని నెమ్మదిగా లాగాలి. రెండు మూడు సార్లు లాగితే తిన్నబడుతుంది. ఇంకా లాగితే బిగుసుకుంటుంది.

"అక్కా, చేత్తో వంగినంతసేపు ప్లయర్ పట్టుకోకండి. గట్టిగా నొక్కితే గాటు పడుతుంది. పడిన గాటు ఇక పోదు" అంది.

లోహానికి ఓర్పు ఎంతో ఈ పనిలో మొదటి అరగంటలోనే వేళ్లకు తెలుస్తుంది. రాగితీగను వంచిన ప్రతిసారీ లోపలి అమరిక కొంచెం కొంచెం చెదిరి గట్టిపడుతుంది. అతిగా వంచితే విరుగుతుంది. విరగకముందే దాన్ని మంటలో పెట్టి మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఇనుముకు ఇది తెలియదు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచిన ఉక్కు గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. ఇత్తడి మరో తీరు. స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది, కాల్చాక వెంటనే ముంచితే పగిలే ప్రమాదం ఉంటుంది, కాసేపు చల్లారనివ్వాలి. వెండి అన్నిటికన్నా మెత్తన. అందుకే నగలకు వాడే వెండిలో నూటికి ఏడున్నర వంతులు రాగి కలుపుతారు. 92.5 అని ముద్ర పడేది దానికే.

తీగ మందం దగ్గర కొత్తగా నేర్చుకునేవాళ్లు చిక్కులో పడతారు. ఇంటర్నెట్‌లో చూసే పాఠాలు ఎక్కువగా అమెరికావాళ్లవి. వాళ్ల 20 గేజి తీగ మందం 0.81 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో అమ్మేది బ్రిటిష్ కొలత. ఆ లెక్కలో 20 గేజి అంటే 0.91 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరులో పదో వంతే. కానీ చెవి కుట్టులోకి దూర్చే కొక్కేనికి ఆ పదో వంతే నొప్పి. 0.81 కావాలంటే మన దుకాణంలో 21 గేజి అడగాలి. లేదా గేజి మాట మానేసి మిల్లీమీటర్లలో అడగాలి. బందరు అమ్మాయి బల్ల మీద ఈ లెక్క కాగితం మీద రాసి అంటించి ఉంది. కర్నూలు కుర్రాడు ముందుగా ఫోన్‌తో ఫొటో తీసుకున్నది దాన్నే.

ఆ తరువాత మెలిక. తీగ కొసను గుండ్రటి మూతి ప్లయర్‌తో పట్టుకుని సున్నా చుట్టి, మిగిలిన కొసను మెడ చుట్టూ రెండు మూడు వరసలు పక్కపక్కనే తిప్పి, కొసను లోపలికి అదిమెయ్యాలి. వరసల మధ్య సందు కనబడకూడదు, కొస చర్మానికి తగలకూడదు. చూడటానికి ఇంతే. ఈ ఒక్క మెలిక బాగా వస్తే పూస ఎక్కించవచ్చు, గొలుసు అల్లవచ్చు, లోలాకు వేలాడదీయవచ్చు. వేళ్లు అలవాటు పడేదాకా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వస్తాయి. రెండు చెవులకూ ఒకేలాంటి జత చెయ్యడమే ఈ పనిలో అసలు పరీక్ష.

చేస్తూ చేస్తూ తమిళావిడ తన మెడలోని నల్లపూసల గొలుసు పట్టుకుని చూసుకుంది. పూసకు పూసకు మధ్య బంగారు తీగ మెలిక. అదే సున్నా, అదే చుట్టు. ఎన్నో ఏళ్లుగా మెడలో వేసుకుని తిరుగుతున్న పని ఇది. మన ఇళ్లలో నల్లపూసలు అల్లించమని కంసాలికిస్తే ఆయన చేసేది అచ్చంగా ఈ తీగ పనే. ఈ విద్య ఎక్కడో విదేశాల్లో పుట్టి వైట్‌ఫీల్డ్‌కు వచ్చిందనుకోవలసిన పని లేదు. మన మంగళసూత్రం పక్కనే ఉంది.

మన కంసాలి తీగ తీసే పనిముట్టు కమ్మచ్చు. ఉక్కు పలకలో ఒకదానికంటే ఒకటి చిన్నవిగా వరసన రంధ్రాలుంటాయి. లోహపు కడ్డీ కొసను ఆకురాయితో సన్నంగా అరగదీసి, పెద్ద రంధ్రంలోంచి దూర్చి, పట్టకారుతో అవతలికి లాగుతారు. తరువాత దానికంటే చిన్న రంధ్రం, తరువాత ఇంకా చిన్నది. మధ్యమధ్య కుంపట్లో కాల్చి మెత్తబరుస్తారు. గ్రాము బంగారాన్ని రెండు కిలోమీటర్ల తీగగా లాగవచ్చని బళ్లో చదువుకున్నాం. ఆ మాటను నిజం చేసే పలక ఇది. బందరు అమ్మాయి దగ్గర చిన్న కమ్మచ్చు ఉంది. వెండి తీగను తనే సన్నగా లాగి చూపించింది. అరచేతులు ఎర్రబడ్డాయి. తీగ మాత్రం అద్దంలా వచ్చింది.

ఒక నగలో మూడు లోహాలను టంకం లేకుండా తీగతోనే కట్టడం ఎందుకని అడిగాను. అందం కోసం అంటుందనుకున్నాను. ఆమె చెప్పిన కారణం వేరు. రాగి కరిగేది 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వెండి కరిగేది 962 దగ్గర. రెండూ ఒకదానికొకటి ఆనించి మంటలో పెడితే, ఆనిన చోట 779 డిగ్రీలకే కరిగిపోతాయి. విడివిడిగా ఓర్చుకున్న వేడిని కలిసి ఓర్చుకోలేవు. టంకం పెట్టేటప్పుడు మంట ఒక్క క్షణం ఎక్కువైతే వెండి ఆకు రాగిలో కలిసిపోతుంది. అందుకే వేరువేరు లోహాలను మంట లేకుండా కలపడానికి రెండు దారులున్నాయి. ఒకటి మేకు దిగగొట్టడం, రెండోది తీగతో కట్టడం. కట్టినప్పుడు ఏ లోహం రంగు దానిదే, ఏ లోహం బిగువు దానిదే. కొన్నాళ్లకు విప్పి మరో నగ చేసుకోవాలన్నా విప్పుకోవచ్చు.

తీగతో కట్టే దారినే నడిచిన అలెగ్జాండర్ కాల్డర్ అనే అమెరికన్ శిల్పి గాలికి కదిలే శిల్పాలతో ప్రపంచానికి తెలుసు. ఆయన 1898లో పుట్టి 1976లో పోయాడు. ఆ జీవితంలో దాదాపు 1800 నగలు కూడా చేశాడు. ఎక్కువగా ఇత్తడి, వెండి, ఉక్కు తీగలు. సుత్తితో చదును చేసి, చుట్టలు చుట్టి, టంకం లేకుండా తీగతోనే కట్టేవాడు. చాలావాటిని అమ్మలేదు, భార్యకీ స్నేహితులకీ ఇచ్చాడు. 1955లో సారాభాయ్ కుటుంబం పిలిస్తే అహ్మదాబాద్ వచ్చి కొన్ని వారాలుండి పని చేశాడు కూడా. కాల్డర్ నగను ఈనాడు మ్యూజియంలో అద్దాల వెనక పెట్టి చూపిస్తారు. అందులో ఉన్న ఇత్తడిని తూకం వేసి ఎవరూ ధర కట్టరు.

మనం మాత్రం నగ పేరు చెప్పగానే గ్రాములు అడుగుతాం. అది తప్పనను. మన ఇళ్లలో బంగారం అలంకారం ఒక్కటే కాదు, ఆడపిల్లకు చేతిలో ఉండే భరోసా. కరువులో, ఆసుపత్రిలో, పిల్లల చదువులో అక్కరకొచ్చే ఆస్తి. అయితే బంగారం కొట్లో బిల్లు చూడండి. బంగారం ధర దగ్గర మాట్లాడము, అది ఆ పూట బోర్డు మీద రాసి ఉంటుంది. బేరమంతా తరుగు దగ్గర, మజూరీ దగ్గర. అంటే లోహానికి అడిగినంత ఇచ్చి, దాన్ని నగ చేసిన మనిషి కూలి దగ్గర బిగుసుకుంటాం. 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది, ఆ తరువాత ప్రతి నగకూ ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య వచ్చింది. కొనేవాడికి అది మంచి రక్షణ. ఆ ముద్ర బంగారం ఎంత శుద్ధమో చెబుతుంది. అంత సన్నని పని ఎవరు కూర్చుని చేశారో చెప్పే ముద్ర ఏదీ లేదు.

తీగ నగలో ఈ లెక్క తలకిందులవుతుంది. 0.8 మిల్లీమీటర్ల రాగితీగ మీటరు బరువు నాలుగున్నర గ్రాములు. కిలో రాగి కొంటే 220 మీటర్లు వస్తుంది. ఒక జత లోలాకులకు మీటరు కూడా పట్టదు. అందులో లోహం విలువ కొన్ని రూపాయలే. మిగిలినదంతా మజూరీ.

మర్నాడు వాళ్ల అపార్ట్‌మెంట్ కింద సంతలాంటిది జరిగింది. పచ్చళ్లు, మట్టి కుండీలు, చేనేత చీరల మధ్య ఈమెదీ ఒక బల్ల. ఒకావిడ రాగి కడియం చేతికి పెట్టుకుని చూసి, ధర విని, "రాగేగదమ్మా, దీనికింతా?" అంది. బందరు అమ్మాయి నొచ్చుకోలేదు.

"రాగికి మీరిచ్చేది పది ఇరవై రూపాయలేనండీ. మిగతాది నేను కూర్చున్న పూటకి."

ఆవిడ కడియం మరోసారి తిప్పి చూసింది. లోపలి అంచు నున్నగా ఉందో లేదో వేలితో రాసి చూసింది. కొంది. అంతకుముందు ఆవిడ చూసింది రాగిని. ఈసారి చూసింది పనిని.

తీగ ఎక్కడ కొంటావని అడిగితే పేటకు తీసుకెళ్లింది. కాడుగోడి నుంచి మెట్రోలో మెజెస్టిక్ దాకా, అక్కడ మారి ఆకుపచ్చ లైనులో ఒక్క స్టేషను, చిక్కపేటె. 1537లో కెంపేగౌడ కట్టించిన ఊరు ఇదే. వైట్‌ఫీల్డ్ వెడల్పు రోడ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ వీధి భుజాలకు రాసుకుంటుంది. అవెన్యూ రోడ్డు, దాని పక్కన రాజా మార్కెట్, అవతల నగరత్‌పేట. బంగారం కొట్లు ముందు వైపు, పని చేసే గదులు పై అంతస్తుల్లో. ఇరుకు మెట్లెక్కితే చిన్న గదిలో వరసగా కూర్చుని వంచిన తలలతో పని చేస్తున్నవాళ్లు. చాలామంది బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. ఒకప్పుడు ఈ పీటల మీద ఎక్కువగా కూర్చున్నది ఇక్కడి కంసాలులు, అక్కసాలెలు అంటారు వాళ్లను. కొట్లలో కన్నడంతో పాటు తెలుగు కూడా ధారాళంగా వినబడుతుంది.

పనిముట్ల కొట్టులో కమ్మచ్చులు, మూసలు, ఊదుగొట్టాలు, వెలిగారం గడ్డలు, ఆకురాళ్లు, గీటురాళ్లు. మన కంసాలి వీధిలో ఉన్నవన్నీ ఉన్నాయి. ఇత్తడి తీగ, రాగి తీగ కిలోల లెక్కన అమ్ముతారు. మోటార్లకు చుట్టే రాగితీగ కావాలంటే ఎస్పీ రోడ్డు వైపు నడవాలి. ఆ తీగ మీద పల్చని వార్నిష్ పూత ఉంటుంది. రంగు మాయదు, చిలుము పట్టదు, పైగా చవక. దాన్ని మంటలో మాత్రం పెట్టకూడదు. పూత కాలి పొగ వస్తుంది. జర్మన్ సిల్వర్ అని అమ్మే తీగలో వెండి బొత్తిగా ఉండదు, రాగి, నికెలు, జింకు ఉంటాయి. నికెలు పడని చర్మానికి దురద, దద్దుర్లు వస్తాయి. అందుకే ఆమె చెవి కొక్కేలు మాత్రం వెండితోనే చేస్తుంది, మిగతా నగ ఏ లోహమైనా సరే.

పూసలు చన్నపట్న నుంచి తెప్పించుకుంటుంది. లక్క రంగులద్దిన చెక్క పూసలు. చేతిలోకి తీసుకుంటే ఏటికొప్పాక గుర్తొచ్చింది. గుర్తు రావడం వింత కాదు, రెండు ఊళ్ల బొమ్మలకూ కర్ర ఒకటే. అంకుడు కర్ర. అక్కడ వరాహ నది ఒడ్డున, ఇక్కడ బెంగళూరు మైసూరు దారిలో, అదే కర్రను తరిమెన పట్టి, తిరుగుతుండగా లక్క అద్ది రంగులు పట్టిస్తారు. ఏటికొప్పాక పూసలు కూడా ఈ తీగకు ఎక్కించవచ్చు కదా అన్నాను. "దొరికితే ఎందుకు వద్దక్కా, ఇక్కడికి తెచ్చి ఇచ్చేవాళ్లేరీ" అంది.

ఆ మాట నాలో నిలిచిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో ఆలోచిస్తే, తీగ పనిలో మన పక్కన ఎంతమంది గురువులున్నారో లెక్క తేలింది.

ఇదే కర్ణాటకలో, మన జహీరాబాద్‌కు ఆనుకుని బీదర్ ఉంది. బిద్రీ పని రెండు లోహాల సంగమం. పదహారు పాళ్లు జింకుకు ఒక పాలు రాగి కలిపి పోత పోస్తారు. పోసిన పాత్ర మీద ఉలితో సన్నని గాట్లు చెక్కి, ఆ గాట్లలోకి వెండి తీగను సుత్తితో దించుతారు. తరువాత బీదర్ కోట మట్టిలో నవాసాగరం కలిపి కాచిన నీళ్లలో ముంచితే జింకు మిశ్రమం కాటుక నలుపు తిరుగుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. రెండు లోహాలు ఒకే నీటికి వేరువేరుగా జవాబిస్తాయి, ఆ తేడాయే అందం. హుక్కా బుర్రలు, పూలకుండీల మీద మొదలైన ఈ పని ఇప్పుడు లాకెట్లు, గాజులుగా కూడా వస్తోంది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

కరీంనగర్‌లో వెండి తీగ పని ఉంది. ఎలగందుల నుంచి ఆ ఊరికి వచ్చిన విద్య. రెండు సన్నని వెండి తీగలను మెలిపెట్టి, చదును చేసి, ఆ తీగను పూలుగా, లతలుగా, చుక్కలుగా చుట్టి గట్టి వెండి చట్రంలో నింపుతారు. వెలిగారం, టంకం పొడి చల్లి, ఊదుగొట్టంతో మంటను ఊది అతుకుతారు. ఎక్కువ ఊదితే పువ్వు ముద్దవుతుంది, తక్కువ ఊదితే రాలిపోతుంది. గంధపు గిన్నెలు, అత్తరు దానులు, నగల పెట్టెలు జరీ అల్లికలా ఉంటాయి. భౌగోళిక గుర్తింపు ఉన్న పని ఇది. బందరు అమ్మాయికి ఇది ఫొటోల్లోనే తెలుసు.

ఆమెకు బాగా తెలిసినది తన ఊరి పని. బందరు పక్కన చిలకలపూడి. రాగి, ఇత్తడి మీద బంగారాన్ని పట్టించి నగలు చేసే ఊరు. బంగారం కొనలేని ఎన్ని ఇళ్లలో పెళ్లికూతురు చిలకలపూడి నగలతో పీటల మీద కూర్చుందో! భరతనాట్యం, కూచిపూడి అరంగేట్రాల్లో మెరిసే వడ్డాణాలు, జడబిళ్లలు ఎక్కడివో అడిగితే చాలా సార్లు జవాబు బందరే. వాళ్ల తాతగారు ఆ పనిలో ఉండేవారట. అచ్చులో రేకు అదిమి, అంచులకు తీగ కట్టి, రాళ్లు పొదిగేవారట. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని తెగిపోయిన తీగ ముక్కలు ఏరుకోవడం ఆమెకు గుర్తు. ఇప్పుడు ఆమె బల్ల కింద ఒక డబ్బా ఉంది. తెగిన తీగ ముక్కలు దేనికది వేరు చేసి ఉంచుతుంది. రాగి ఒక చోట, ఇత్తడి ఒక చోట, వెండి ఒక చోట. వెండి ముక్కలు పోగయ్యాక కరిగించి మళ్లీ తీగ లాగుతుంది.

చివరి రోజు నేను చేసిన లోలాకులకు నలుపు పట్టించింది. రసాయనం ఏదో వాడుతుందనుకుంటే గుడ్డు ఉడకబెట్టింది. వేడివేడి పచ్చసొన చిదిమి, మూత ఉన్న డబ్బాలో నగ పక్కన పెట్టి మూసింది. సొనలోని గంధకం ఆవిరిగా వచ్చి రాగినీ వెండినీ నెమ్మదిగా నల్లబరుస్తుంది. తీసి మెత్తని స్టీలు పీచుతో పైపైన రుద్దితే ఎత్తులు మెరుస్తాయి, చుట్ల సందుల్లో నలుపు నిలుస్తుంది. తీగ ఎన్ని వరసలు తిరిగిందో అప్పుడు కనబడుతుంది. రాగి నగకు చెమట తగిలితే చిలుము పట్టడం దాని స్వభావం. చింతపండుతో తోమి, కడిగి, తుడిచి పెట్టుకుంటే చాలు, ఇత్తడి చెంబుకు చేసే సేవే దానికీ. ఆమె ప్రతి నగతో పాటు ఈ మాట కాగితం మీద తెలుగులో, కన్నడంలో రాసి ఇస్తుంది.

ఇలాంటి నగ కొనేటప్పుడు ఏం చూడాలో ఆ బల్ల దగ్గరే తెలిసింది. కొసలు లోపలికి అదిమి ఉన్నాయా? వేలితో రాస్తే గీసుకోకూడదు. చుట్లు పక్కపక్కనే బిగువుగా ఉన్నాయా? చెవి కొక్కెం ఏ లోహం? కొసను ఆకురాయితో గుండ్రంగా అరగదీశారా? నగను పట్టుకుని నెమ్మదిగా ఊపితే కట్టు సడలుతోందా? ఈ ప్రశ్నలు అడిగేవాళ్లుంటే చేసేవాళ్లు జాగ్రత్తగా చేస్తారు. జాగ్రత్తగా చేసినదానికి ధర అడిగే ధైర్యమూ వస్తుంది.

వైట్‌ఫీల్డ్‌లో నేర్చుకోవాలన్న మనుషులున్నారు, మజూరీకి విలువ కట్టగల జీతాలున్నాయి, ఆదివారం బల్ల వేసుకునే చోటుంది. కరీంనగర్‌లో, బీదర్‌లో, చిలకలపూడిలో, ఏటికొప్పాకలో తరాల నుంచి చేతికి అబ్బిన విద్య ఉంది. ఆ ఊళ్లన్నీ రైలెక్కితే చేరుకోగలిగినంత దూరంలోనే ఉన్నాయి. వైట్‌ఫీల్డ్ పిల్లలు మాత్రం అమెరికా గేజిల్లో పాఠాలు చూస్తున్నారు, కరీంనగర్ పనివాడి పిల్లలు వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు.

ఈ రెండింటినీ కలిపి కట్టడం పెద్ద పథకాలతో అయ్యే పని కాదు, పెద్ద పథకాల కోసం ఆగవలసిన పనీ కాదు. బెంగళూరులో తెలుగు సంఘాలు ఉగాదికి గాయకులను పిలుస్తాయి, సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడతాయి. ఈసారి ఒక కరీంనగర్ పనివాడిని పిలవండి. రానూపోనూ ఖర్చు ఇచ్చి, రోజుకు తగిన మజూరీ ఇచ్చి, అపార్ట్‌మెంట్ హాల్లో బల్ల వెయ్యండి. ఆయన్ను ప్రదర్శనలో వస్తువులు అమ్ముకునేవాడిగా కాక గురువుగా కూర్చోబెట్టండి. బందరు అమ్మాయి లాంటివాళ్లు ఆయన దగ్గర తీగ మెలిపెట్టడం నేర్చుకుంటారు. ఈ రోజుల్లో ఆడపిల్లలు ఏం పెట్టుకుంటున్నారో, ఎంత తేలిక నగ అడుగుతున్నారో ఆయన వీళ్ల దగ్గర తెలుసుకుంటాడు. ఈ మాట మా చెల్లెలితో అన్నాను, తను వాళ్ల సంఘంలో అడుగుతానంది. బందరు అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, ఆయన వస్తే బస తన ఇంట్లోనేనంది.

లోహం ధర రోజూ మారుతుంది, దాన్ని మార్చడం మన చేతిలో లేదు. చేతి పని ధర మన చేతిలోనే ఉంది. తరువాత నగ కొన్నప్పుడు, అది బంగారమైనా రాగైనా, మజూరీ దగ్గర బేరం మానేసి, చేసినవాళ్ల ఊరూ పేరూ అడుగుదాం.